అత్తమ్మ మొదటి శుభం కార్డు

మా మేనత్త కొత్వాల్‌గూడకు కోడలిగా వచ్చినప్పటి నుంచి సినిమాలు చూస్తూనే ఉంది గానీ, ఒక్కదాని ఆఖరూ చూడలేదు. పొలం పని, వంట తెమిలాక ఆమెకు దొరికేది మ్యాట్నీ ఒక్కటే. నాలుగున్నరకల్లా హాల్లోంచి లేవాల్సిందే. ఐదింటికి బర్రెకు పాలవేళ, అత్తమ్మ పితకడానికి కూర్చుంటే తప్ప అది పాలు చేపదు. బడంగ్‌పేట్ నుంచి చుట్టపుచూపుగా వెళ్లిన నేను ఇది విని ఊరుకోలేకపోయాను. ఎయిర్‌పోర్టు వచ్చిన మూడో వేసవిలో ఓ శుక్రవారం, పాల పూచీ మామ మీద పెట్టి అత్తమ్మను బయల్దేరదీశాను.

ఒంటిగంటకు షేర్ ఆటో దొరికింది. శంషాబాద్ దాకా ఆమె ఈమధ్య చూసిన సినిమాల మీద తీర్పులే.

"దయ్యం సినిమా మంచిగుండె. దయ్యం గూడ మంచిదే, దాని అత్తనే చెడ్డది. ఫైటింగ్ సినిమాల హీరోను స్తంభానికి కట్టేసిన్రు, పాపం ఇంక గట్లనే ఉన్నడు. ప్రేమ సినిమాల పిల్లనైతే రెండు నెలల సంది ప్లాట్‌ఫారం మీదనే నిలవడ్డది."

"ఆ పిల్ల రైలెక్కలే అక్కా, పిలగాడే..." అంటూ పక్కనున్న కూరగాయలామె అందుకోబోయింది.

"చెప్పకు!" అత్తమ్మ చెవులు మూసుకుంది. "నేను చూడాలె."

రెండున్నరకు ఆట. బాల్కనీలో కూర్చున్నాం, ఇంటర్వెల్‌లో మిరపకాయ బజ్జీలు తిన్నాం. పెళ్లికొడుకు వేషంలో విడిదింట్లో దూరిన దొంగ సినిమా అది. నేతిబీరకాయలో నెయ్యెంతో అందులో కథంత, అయినా నవ్వి నవ్వి నాకు డొక్కలు పట్టేశాయి. నెత్తిమీద విమానం పోయినప్పుడల్లా మాటలు వినబడవు. "ఏమన్నడు, ఏమన్నడు?" అని అత్తమ్మ వెనక వరుసవాళ్లను కూడా వదల్లేదు.

నాలుగున్నరకు అలవాటుకొద్దీ లేచింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. అరగంట దాటాక దొంగ పెళ్లిపీటల మీద కూర్చున్నాడు, మంగళసూత్రం చేతికి వచ్చింది, సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మామ గొంతు నాకూ వినబడింది.

"బర్రె దగ్గరికి రానిస్తలేదే, తన్నుతుంది! జల్ది రా!"

అత్తమ్మ మళ్లీ లేచింది. ఇంత చేసీ ఇంతేనా అని నా ప్రాణం ఉసూరుమంది. ఆమె తెర వంక చూసింది, తలుపు వంక చూసింది, ఫోన్లో గట్టిగా అరిచింది.

"దండెం మీద నా పచ్చచీర ఉన్నది, కప్పుకొని కూసో! నోరు తెరవకు, గొంతు గుర్తువడ్తది!"

హాలు హాలంతా ఈలలు! పెళ్లికూతురు కూడా దొంగేనని తేలి శుభం కార్డు పడేసరికి అత్తమ్మ నిలబడి చప్పట్లు కొడుతోంది, కళ్లనిండా నీళ్లు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

తిరుగు ఆటోలో కథ మొదటి నుంచీ చెప్పింది. మేం దిగేచోటు వచ్చినా డ్రైవర్ మమ్మల్ని దిగనివ్వలేదు.

"జర ఆఖరిది గూడ చెప్పి దిగు పెద్దమ్మా."

చెప్పింది, మహారాణిలా. జన్మలో మొదటిసారి ఒక సినిమా ఆఖరు చెప్పింది.

ఇంటి ముందు మామ పచ్చచీర ముసుగులోనే నిలబడి ఉన్నాడు, చేతిలో నిండు బకెట్టు.

"ఏమైందే ఆఖరికి?" అన్నాడు. విన్నాక నవ్వు ఆపుకోలేక బకెట్టు కింద పెట్టేశాడు. "అబ్బ! వచ్చే శుక్కురారం నేను గూడ వస్త."

"మరి బర్రెకాడ చీర కప్పుకునేటిదెవరు?" అంది అత్తమ్మ.

ఇద్దరూ ఒక్కసారే నా వంక చూశారు.