మూడు స్టార్లు ఇవ్వని అత్తమ్మ

నాన్న ఫోన్ చేసినప్పుడు నేను పనిచేసే కంటి దవాఖానలో రిసెప్షన్ బల్ల దగ్గర ఉన్నాను. "మా అక్క పోయింది బిడ్డా, జల్ది రా" అన్నాడు, అంతే. పొద్దున చాయ్ తాగి టీవీ పెట్టుకుని కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారు. నేను ఆటోలో వెళ్లేసరికి ఇంటినిండా జనం. టీవీ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఏదో వంటల కార్యక్రమంలో ఒకావిడ నవ్వుతూ బెండకాయలు తరుగుతోంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

అత్తమ్మ నాన్నకు సొంత అక్క. సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. బీదర్‌లోనే, మా వెనక గల్లీలో ఒక్కతే ఉండేది.

సమాధి దగ్గర పాస్టర్‌గారు "ఎవరినీ ఒక్క మాట అనని సహోదరి" అన్నారు. అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. అత్తమ్మ అనని మనిషి లేడు. ఆ పాస్టర్‌గారి ప్రసంగం గురించే చర్చి మెట్ల మీద నిలబడి, "సగం కాడనే ఖతమైంది, ఆయనకే ఎరుక లేదు" అన్నది. క్రిస్మస్ పాటల్లో కీబోర్డు మోత ఎక్కువైతే ముందు వరుసలో కూర్చుని రెండు చెవులూ మూసుకునేది, అందరికీ కనబడేట్టు. ఫోన్లో మా కుటుంబం గ్రూపు నిండా ఇప్పుడు చేతులు జోడించిన బొమ్మలు, "మంచి మనిషి" అన్న మాటలు. ఒకరు రాసిందే మరొకరు రాశారు. అత్తమ్మ చూసుంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగేది: "మంచిగ అంటే? ఏది మంచిగున్నదో చెప్పు."

ఆ ప్రశ్నతో ఆమె నన్ను చిన్నప్పటి నుంచీ విసిగించింది. పాట బాగుందంటే చాలదు. ట్యూన్ బాగుందా, మాట బాగుందా, పాడిన గొంతు బాగుందా చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ విని రమ్మనేది. పత్రికల్లో సినిమా సమీక్షలంటే ఆమెకు మహా చిరాకు. "కత మొత్తం చెప్పి మూడు స్టార్లు ఇస్తడు. పోవాల్నా, వద్దా? గది చెప్పనీకి ఈనికి భయమైతాంది" అనేది. ఆమెకు రెండే మాటలు: బేకార్, చూడొచ్చు. 'చూడొచ్చు' అన్నదంటే అది పెద్ద సన్మానం.

అలాగని ఆమె చెప్పిందల్లా నిజమయ్యేది కాదు. పాటల పోటీలో ఒకమ్మాయిని చూసి "ఈ పిల్ల వారం కూడ నిలవదు" అన్నది. ఆ అమ్మాయే గెలిచింది. "జడ్జీలకు చెవులు లేవు" అన్నదే తప్ప ఓడినట్టు ఒప్పుకోలేదు. ఇంత విమర్శ చేసే మనిషి, చచ్చిన కోడలు రెండుసార్లు బతికొచ్చిన సీరియల్‌ను ఒక్క రోజూ వదల్లేదు. అడిగితే, "గది సినిమా కాదు బిడ్డా, పక్కింటోళ్ల ముచ్చట" అనేది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లెవరూ లేరు. ఆమె పోయాక కూడా ఆ విసుగు నాకు పోలేదు.

ఆ నోటి వల్లే ఒకసారి అక్కాతమ్ముళ్లకు మాటలు ఆగిపోయాయి. నాన్నకు ఒక హీరో అంటే ప్రాణం. ఆయన కొత్త సినిమా మొదటి రోజే చూడాలని నాన్న, అత్తమ్మ, నేను జహీరాబాద్ వెళ్లాం. అందులో హీరో తల్లి చనిపోయే సీను ఉంది. ఆమె కొడుకు ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు మాట్లాడి, ఆశీర్వదించి, అప్పుడు కన్ను మూస్తుంది. నాన్న రుమాలు తడిసిపోయేలా ఏడ్చాడు. తిరుగు బస్సులో అత్తమ్మ మొదలుపెట్టింది.

"గంతసేపు ఎవరు మాట్లాడుతరు తమ్మీ? ఇన్నేండ్లు వార్డుల చూసిన. పోయేటోళ్లు అట్ల మాట్లాడరు."

"సినిమా చూడనీకి వచ్చినవా, తప్పులు పట్టనీకి వచ్చినవా?" అన్నాడు నాన్న.

"రెండిటికి. అమ్మ పోయినప్పుడు నేను పక్కనున్న. ఏం మాట్లాడలే. నీళ్లడిగింది, అంతే."

నాన్న ముఖం పాలిపోయింది. నానమ్మ పోయినప్పుడు ఆయన బసవకళ్యాణ్‌లో పని మీద ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సీనులో ఆయన చూసుకున్నది తనకు దక్కని చివరి మాటలని అప్పుడు నాకు అర్థమైంది. అత్తమ్మకు అర్థం కాలేదో, అయినా ఆగలేదో తెలియదు. బీదర్ బస్టాండులో దిగి నాన్న వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాడు. తర్వాత దాదాపు ఏడాది ఇద్దరికీ మాటల్లేవు. ఒక సినిమా గురించి ఇంత పంతమేమిటని అమ్మ మొత్తుకునేది. నేను ఇద్దరి మీదా విసుక్కునేదాన్ని.

నాన్న గొంతులో గడ్డ తీసి, కొన్నాళ్లు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పినప్పుడు అత్తమ్మ పిలవకుండానే వచ్చింది. మంచం పక్కన కుర్చీ వేసుకుంది. టీవీలో నాన్న హీరో పాత సినిమా వస్తోంది.

"ఆ నడక చూడు తమ్మీ. అప్పటికే మోకాళ్లు నొస్తున్నయి. డాన్సెందుకు?"

నాన్న కోపంగా చెయ్యి ఊపాడు.

"ఏందీ, మంచిగ చేసిండంటవా? ఏది మంచిగున్నదో చెప్పు. చెప్పలేవు గదా. ఇయ్యాల నేనే గెలిచిన."

నాన్నకు నవ్వాగలేదు, శబ్దం లేకుండా గొంతు పట్టుకుని నవ్వాడు. "ఆయనను నవ్వియ్యకు వదినా, కుట్లున్నయి" అని అమ్మ కేకలేసింది. రోజూ ఇదే వరస. రోజూ వచ్చింది, ఆయన ఇష్టపడ్డ ప్రతి సినిమానూ చీల్చి చెండాడింది.

మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన రోజు తిట్లన్నీ ఒకేసారి వస్తాయనుకున్నాం. నాన్న బొంగురు గొంతుతో మెల్లగా అడిగాడు: "అక్కా, అమ్మ ఇంకేమన్న అన్నదా?"

అత్తమ్మ టీవీ ఆపేసింది. "నీ పేరు తలిచిందని చెప్తే నీ మనసుకు మంచిగుండు. గాని తలవలే తమ్మీ. నీళ్లు తాగి నా చెయ్యి పట్టుకున్నది. గట్టిగ పట్టుకున్నది. విడిపించుకోనీకి నాకు మనసు రాలే."

నాన్న తలూపాడు. ఎవరూ ఏడవలేదు. ఒక అబద్ధం ఆడితే ఆమె సొమ్మేం పోయేదని ఆ రోజు నాకు కోపమొచ్చింది. కానీ ఏళ్లుగా వేసుకుంటున్న నిద్ర మాత్రను నాన్న ఆ రాత్రి నుంచి మానేశాడు. నానమ్మ గురించి మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు. పొగిడే మాటలు వెయ్యి విన్నా ఆయనకు దొరకనిది ఆ ఒక్క జవాబులో దొరికింది. అందుకు అత్తమ్మకు నేను ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పినా ఏది బాగుందో విడమర్చమనేది.

పోయిన వారం కేబుల్ అబ్బాయి అత్తమ్మ ఇంటి కనెక్షన్ తీసెయ్యాలా అని అడిగితే నాన్న వద్దన్నాడు. ఆదివారం సాయంత్రం ఆయన కనబడకపోతే వెనక గల్లీకి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. నాన్న చాప మీద కూర్చుని, ఎన్నడూ చూడని పాటల పోటీ చూస్తున్నాడు. చాయ్ తాగుదువు రమ్మంటే చెయ్యెత్తి ఆగమన్నాడు. తెర మీద ఒక అమ్మాయి పాట ముగించింది. జడ్జి కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. నాన్న రిమోట్ తీసుకుని సౌండు తీసేశాడు, అక్క ఏమంటుందో వినాలన్నట్టు.

జడ్జి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి మైకును రెండు చేతులతో పట్టుకుని, కింది పెదవి కొరుక్కుంటూ, ఒక్క మాట కోసం నిలబడి ఉంది.