కొట్టేసిన పదకొండో కోరిక

ఇప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటున్నాడు గానీ, చదువుకునే రోజుల్లో అతన్ని అందరూ ‘సర్దుబాటు’ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. అతని యూనివర్సిటీలో ఆరు విద్యార్థి సంఘాలు, ఆరూ ఉప్పూ నిప్పూ. ఒకరు కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చోరు. అలాంటివాళ్లను ఒక గదిలో చేర్చి, ఒకే కాగితం కింద ఆరు సంతకాలు పెట్టించిన ఘనుడు మనవాడే.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. మంత్రి దగ్గరికి ఉమ్మడిగా వెళ్లాలంటే, ఏ ఒక్క సంఘం కాదన్నా ఆ కోరిక జాబితాలోంచి పోవాల్సిందే. దాంతో ఇతనికో పాడలవాటు పట్టుకుంది. ఎవరైనా కాదంటారేమో అనిపిస్తే చాలు, వాళ్లు నోరు తెరవకముందే తానే కొట్టేసేవాడు. తన చిత్తుప్రతికి ఎవరూ అడ్డు చెప్పలేదని పెద్ద గొప్ప. నన్నడిగితే అది ఒట్టి పిరికితనం.

ఆ ఏడాది ప్రభుత్వం ఉన్నత విద్యకు కొత్త విధానం తెస్తోంది. సోమవారం మంత్రితో భేటీ. జాబితాలో పదకొండు కోరికలు. ఫీజులు పెంచొద్దు, హాస్టళ్లు కట్టాలి, అధ్యాపకుల ఖాళీలు నింపాలి, ఇలా సాగి చివరికి సాయంకాలం తరగతులు కొనసాగించాలన్నది. పగలంతా పనికి పోయేవాళ్లు చదువుకునే తరగతులవి. వాళ్లు ఊరేగింపులకు రారు, సంఘం ఎన్నికల్లో ఓట్లెయ్యరు. పెద్ద సంఘం అధ్యక్షుడు దీనికి మూతి ముడుస్తాడని, చర్చలు మళ్లీ మొదటికొస్తాయని అతనికి భయమేసింది. శనివారమే, ఎవరికీ చూపించకుండా, దాని మీద గీత పెట్టేశాడు.

సొంత చెల్లెలు చదివేది ఆ తరగతుల్లోనే. పగలు మందుల షాపులో పని, సాయంత్రం డిగ్రీ రెండో ఏడు. ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని సాఫుప్రతి రాసే పని కూడా ఆమెకే అప్పజెప్పాడు, మహానుభావుడు.

“మా క్లాసుల సంగతి కొట్టేశారేం అన్నయ్యా?”

“నేను పెట్టానమ్మా. ఒక సంఘంవాళ్లు ఒప్పుకోలేదు. నేనేం చేసేది?”

ఆమె పది కోరికలూ రాసిచ్చింది.

మంత్రి ఎనిమిదింటికి సరే అన్నాడు. ఆ గెలుపు మాదంటే మాదని ఆరు సంఘాలూ గోడలన్నీ రాతలతో నింపేశాయి. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది, సాయంకాలం తరగతులు ఎత్తేస్తున్నామని. అతను పడుతూ లేస్తూ విద్యాశాఖ కార్యాలయానికి పరిగెత్తాడు. అక్కడి అధికారి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఫైలు తీసి ఆ కాగితాన్నే ముందు పెట్టాడు.

“ఖాళీలు నింపమన్నారు. ఆ అధ్యాపకుల్ని ఎక్కణ్ణుంచో తేవాలిగా బాబూ? సాయంకాలం వాళ్లనే పగటికి మార్చాం. మీరంతా కలిసి అడిగినవాటిలో ఈ సాయంకాలం ముక్క లేదు. ఒక్క మాట రాసుంటే దాని జోలికే పోయేవాళ్లం కాదు.”

కాగితం నిండా చెల్లెలి దస్తూరీ. అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

సంఘాలను మళ్లీ కూడగట్టాలని కాళ్లరిగేలా తిరిగాడు. అప్పటికే ఎవరికి వారే యమునా తీరే. పగటి కాలేజీకి వెళ్తే ఉద్యోగం పోతుంది, ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదు. చెల్లెలి చదువు అక్కడితో ఆగిపోయింది.

ఇరవై రెండేళ్లయినా ఆమె ఆ షాపులోనే ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లు వచ్చి మేనేజర్లవుతారు, వాళ్లకు పని నేర్పేది ఈమె. మొన్నొక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు, ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు.

“అప్పుడు ఏ సంఘమూ కాదనలేదమ్మా. వాళ్లకసలు చూపించనే లేదు. నేనే కొట్టేశాను.”

ఆమె చేతిలోని మాత్రల పెట్టెను అరలో పెట్టింది.

“కాదన్నది ఎవరో తెలియక ఇన్నేళ్లూ ఆ ఆరు సంఘాలవాళ్లనీ తిట్టుకున్నానన్నయ్యా,” అంది. “పెద్ద సంఘం అధ్యక్షుడు మంచంపట్టినప్పుడు వాళ్లావిడ ఇక్కడికే వచ్చేది, మందులకి. ఆయన పోయేదాకా వచ్చింది. ఎలా ఉన్నారని ఒక్కసారి కూడా అడగలేదు నేను.”