బొమ్మ ఒప్పుకుంటేనే

వుర్యాని అమ్మగారిని మా వీధంతా బు వుర్యాని అనేవాళ్ళం. ఆవిడకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. బట్టలు తొడిగి కొలత చూసే కుట్టుబొమ్మ ఒప్పుకోనిదే ఏ రవికకూ ఆఖరి కుట్టు వేసేది కాదు.

ఆవిడ కుట్టేవి మామూలు రవికలు కావు. పెళ్ళికూతుళ్ళు పల్చటి కెబయా చొక్కా లోపల వేసుకునే బస్టియర్లు. వాటికి చేతులుండవు, భుజాల మీద పట్టీలుండవు. గుడ్డ పొరల మధ్య దూర్చిన పన్నెండు ప్లాస్టిక్ కమ్ములే దాన్ని ఒంటి మీద నిలబెట్టాలి. సెమరాంగ్ ఊరు మొత్తంలో ఇంట్లో కూర్చుని అంత బాగా కుట్టేవాళ్ళు లేరు, అంతగా భయపెట్టేవాళ్ళూ లేరు. గదిలో తెర వెనక మిషను, దాని పక్కన తల లేని బొమ్మ. దాని పేరు రుమి.

"రుమీ, నడుము దగ్గర పడుతోందా?" అని అడిగి, దాని పొట్టకు చెవి ఆనించి వినేది. కాసేపటికి తల ఊపి, కుట్టిందంతా విప్పేసేది.

"ఏమంది బు?" అనేదాన్ని. నేను పక్కింటిదాన్ని. కొక్కేలు కుట్టిపెట్టడానికి రోజూ వెళ్ళేదాన్ని.

"కూర్చుంటే మూడో కమ్మి పొడుస్తోందట."

"బొమ్మ కూర్చోదు కదా."

"నువ్వు లేనప్పుడు చూశావా?"

అప్పట్నుంచి రుమికి వీపు చూపించి కూర్చోవాలంటే నాకు చెమటలు పట్టేవి.

రుమి ఒక వారం సన్నగా, ఒక వారం లావుగా ఉంటుందని వీధిలో అనేవారు. నవ్వేదాన్ని. ఒక వారం ఆవిడ బజారుకెళ్ళినప్పుడల్లా, బొమ్మకు కప్పిన ముసుగు మీదుగానే టేపు పెట్టి చూశాను. సోమవారం నడుము అరవై ఎనిమిది సెంటీమీటర్లు. గురువారం డెబ్బై ఆరు. టేపు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

ఆ తర్వాత నింగ్రుం అనే అమ్మాయి పెళ్ళి బస్టియర్ వచ్చింది. వానాకాలం మధ్యాహ్నం, కరెంటు లేదు. కొక్కేల కోసం రుమి మీది ముసుగు ఎత్తాను. బొమ్మకు ఎడమ రొమ్ము లేదు. కత్తితో కోసేసినట్టు చదునుగా ఉంది. దాని మీద గుచ్చిన రవిక మెల్లగా లేస్తోంది, దిగుతోంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

"ముట్టుకోకు, నొప్పి," అంది వెనక నుంచి వుర్యాని. చేతిలో కొవ్వొత్తి. ఒంటికి గుచ్చుకోకుండా కమ్ముల కొసలు మంట మీద కరిగించి గుండ్రంగా చేస్తోంది.

"ఎవరికి నొప్పి?"

"గాయం మానింది ఈమధ్యే."

శనివారం నింగ్రుం తొడిగి చూసుకోవడానికి వచ్చింది. వెంట కాబోయే అత్తగారు బు హర్తినా. ఎంత ఉక్కపోతలోనైనా శాలువా తీయని మనిషి. అమ్మాయితో పాటు నేను తెర లోపలికి వెళ్ళాను. పైబట్ట తీయగానే నాకు బొమ్మ సంగతి అర్థమైంది. ఎడమ వైపు చదును, దాని మీద అడ్డంగా ఎర్రటి మచ్చ.

"ఆయనకు తెలుసు," అంది నింగ్రుం. "వాళ్ళమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక నేనే చెప్తాను."

బయట హర్తినా గొంతు: "కాబోయే కోడలిని నేను చూడకూడదా?"

"రుమికి పరాయి కళ్ళు పడవండీ. పోయినసారి ఒకావిడ తొంగిచూస్తే వారం పాటు ఆవిడ గొంతు పోయింది," అంది వుర్యాని.

"నా గొంతు పోతే మా ఆయన పండగ చేసుకుంటాడు. తప్పుకో."

తెర మీద ఆవిడ వేళ్ళు కనిపించాయి. నింగ్రుం రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుంది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే బల్ల మీది చెక్క స్కేలు మోకాలికి వేసి విరిచాను. టక్. అచ్చం పక్కటెముక విరిగినట్టు. మిగిలిన ముక్కను కూడా విరిచాను.

వేళ్ళు మాయమయ్యాయి.

"ఏమిటది?"

"రుమి లేస్తోంది," అంది వుర్యాని తాపీగా.

హర్తినా అరుగు మీద కూర్చుని, టీ అడిగి, మళ్ళీ తెర వైపు చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక వుర్యాని ముందు నన్ను తిట్టింది. "ముప్పై ఏళ్ళ స్కేలు. చెంచా కింద పడేస్తే సరిపోయేది కాదూ?" తర్వాత ముసుగు తీసి చూపించింది. వచ్చిన ప్రతి మనిషికీ తగ్గట్టు రుమికి దూదీ, పాతగుడ్డలూ కట్టేదట. దాచుకోవాలనుకునే ఒళ్ళు గంటల తరబడి సూదుల మధ్య నిలబడక్కర్లేకుండా, ఆ నిలబడేదేదో బొమ్మే నిలబడేది. ఎవరికైనా నెలలో నడుము పెరిగితే, లావెక్కింది రుమి అని చెప్పేది. ఊరు ఆవిడను దయ్యాలదంది. ఆవిడ అననిచ్చింది.

ఆ మధ్యాహ్నం రవిక ఎందుకు కదిలిందో మాత్రం నేను అడగలేదు.

పెళ్ళిలో నింగ్రుం మూడు గంటలు కూర్చుంది. పెద్దల మోకాళ్ళ మీదికి వంగి దణ్ణాలు పెట్టింది, నవ్వింది, రెండు ప్లేట్లు తింది. ఎడమ కప్పులో బరువు కోసం కుట్టిన పెసల సంచి వెంట్రుకవాసి జరగలేదు.

పది రోజులకు హర్తినా ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది.

"కోడలు అంతా చెప్పింది," అంది. "మీ బొమ్మ ముసలివాళ్ళకు ఒప్పుకుంటుందా?"

"ఏ వైపు?" అంది వుర్యాని.

హర్తినా శాలువా తీసింది. కుడి భుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి ఉంది.

"ఇన్నేళ్ళూ ఈ ఎండల్లో శాలువాతోనా," అంది వుర్యాని. "లోపలికి రండి."

నేను కుర్చీ లాక్కుని తెరకు అడ్డంగా కూర్చున్నాను. వీధిలో ఎవరో మెడ సాచి, లోపల ఎవరని అడిగారు.

"రుమి ఇవాళ మంచి కోపంలో ఉంది. రేపు రండి," అన్నాను.

లోపల ఇద్దరు ముసలమ్మలూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.