అత్తమ్మ ఒక్కపొద్దులు

పెళ్లయిన మూడో ఏడు నాకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. తొంభైల మొదటి రోజులవి. మహబూబ్‌నగర్‌లో రైలుకట్టకు దగ్గర్లో రెండర్రల కిరాయి ఇల్లు మాది. నేను, మా ఆయన, మా అత్తమ్మ, అంతే. ఆయన నూనె మిల్లులో పనిచేసేవాడు. ఆ ఏడు వానల్లేక పల్లికాయ రాలేదు, మిల్లు సగం రోజులు మూసే ఉండేది. సీటు సంగతి చెప్తే ఆయన సంతోషపడలేదు, కోప్పడనూ లేదు. గోడకు ఒరిగి బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. అది అయిపోయాక షరతు పెట్టాడు.

"ఇంటి ఖర్చుకు ఎప్పుడిచ్చేది ఇస్త. నీ బస్సు, నీ పుస్తకాలు, నీ ఫీజు అన్నీ దాంట్లకెల్లే ఎల్లదీసుకో. నెల నడుమ ఒక్కసారి చెయ్యి చాపినవనుకో, సదువు బందు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆలోచించి ఒప్పుకునే మనిషినైతే కాసేపు ఆగేదాన్ని. సరే, చూస్కోండి అని అప్పటికప్పుడే అనేశాను. అత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడింది.

అప్పటిదాకా మా ఇంట్లో సామాన్లు ఏ పూటకు ఆ పూటే తెచ్చుకునేవాళ్లం. పొట్లం చాయపత్తి, చిన్న సీసాలో నూనె, గుప్పెడు కందిపప్పు. చిల్లరగా కొంటే ఎంత మునుగుతామో నాకు అప్పుడే తెలిసొచ్చింది. నెల మొదట్లో గంజ్‌లో టోకు దుకాణాలకు పోయి పప్పు, చింతపండు, ఎండుమిర్చి, జొన్నలు ఒక్కసారే తెచ్చాను. పాత లంగా చింపి నాలుగు సంచులు కుట్టాను, వారానికొకటి. ఈ వారం సంచిలో పప్పు అయిపోతే ఇక పచ్చిపులుసే, పక్క సంచి ముడి విప్పేది లేదు. ఏ రోజు ఏం వండాలో ఆదివారమే అనుకునేదాన్ని. మధ్యాహ్నం అన్నం, రాత్రి జొన్నరొట్టె. కూరగాయలు అంగడి లేచిపోయే వేళకు పోయి కుప్పలు కొనేదాన్ని. వంకాయలు ఒకటి రెండు పుచ్చు ఉంటే ఉండనీ, కోసి పారేస్తే సరి. మా ఆయనకు నచ్చిన కూర కావాలంటే నచ్చిన రోజు వచ్చేదాకా ఆగాలి. ఆయన రెండు మూడు రోజులు మూతి ముడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

అన్నిటికంటే పెద్ద చిల్లు బేకరీ. పొద్దున చాయలోకి ఆయనకు బన్ను ఉండాల్సిందే, సాయంత్రం మళ్లీ బ్రెడ్డు. ఎవరికన్నా జ్వరమొస్తే ఇంకో బ్రెడ్డు, అది మా దగ్గర మందుబిళ్ల లాంటిది. దీన్ని ఇంట్లోనే కాలుద్దామని నా పట్టుదల. మందపాటి అల్యూమినియం తపేలాలో ఇసుక పోసి, పిండి గిన్నె దానిలో పెట్టి, మూత మీద నిప్పులు వేస్తే కాలుతుందని ట్రైనింగ్‌లో ఒకామె చెప్పింది. పిండి పొంగటానికి ఏం వెయ్యాలో మాత్రం ఆమెకూ సరిగ్గా తెలియదు. అత్తమ్మ పక్క నుంచి కల్లు పోసి పిసకమంది. దుకాణం నుంచి ఒక సీసా తెప్పించి పోశాను. ఒక రాత్రీ ఒక పగలూ చూశాను, పిండి రాయిలా పడుంది. అత్తమ్మ నవ్వింది. ఆ కల్లులో కల్లెక్కడిది పిల్లా, అంతా మత్తుమందు కలిపిన నీళ్లే అంది. మర్నాడు తెల్లవారకముందే తనే పోయి, ఈత చెట్టు దిగుతున్న గౌడాయన దగ్గర ముంతలో పోయించుకొచ్చింది. మధ్యాహ్నానికి పిండి పొంగి పైన కప్పిన పళ్లేన్ని లేపేసింది. ఆ రోజు ఇల్లంతా ఎంత కమ్మటి వాసన! మా ఆయన ఒక ముక్క తిని పుల్లగున్నదన్నాడు. ఆ పుల్లటిదాన్నే ఇంకో రెండు ముక్కలు తిన్నాడు. బేకరీకి ఆ రోజుతో సెలవు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాయి. చెయ్యి చాపలేదు. కానీ నా ప్రాణం ఎప్పుడూ ఆ నాలుగో సంచి మీదే ఉండేది. క్లాసులో పాఠం నడుస్తుంటే నేను మనసులో పప్పు కొలుచుకునేదాన్ని. ఇంటికి ఎవరన్నా వస్తున్నారంటే ముందు బియ్యం డబ్బా మూత తీసి చూసేదాన్ని.

అప్పుడే అత్తమ్మ ఒక్కపొద్దులు పెరగటం మొదలైంది. ఒక్కపొద్దంటే మధ్యాహ్నం ఒక్కపూట తిని రాత్రికి పస్తుండటం. శనివారాలు ఆమె ముందునుంచీ ఉండేది, అది మామూలే. తర్వాత సోమవారం అంది. ఇంకొన్నాళ్లకు బేస్తవారం కూడా అంది. పరీక్ష ఫీజు కట్టాలని నేను చెప్పిన వారమే మంగళవారమూ కలిసింది. పరీక్షలు దగ్గరపడేసరికి ఆమె రాత్రిపూట కంచం ముందు కూర్చునే రోజులే తగ్గిపోయాయి. తినమంటే వినదు. దేవుని పేరు మీద ఉన్న, బలవంతం చెయ్యకు అని అటు తిరిగి పడుకునేది. జాకెట్టు చేతులు వదులై వేలాడుతుండేవి.

నిజం చెప్తాను, నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. నా పరువు తీయటానికే ఈ నాటకం అనుకున్నాను. ఊరికే అనుకోలేదు. బోరింగ్ దగ్గర నేను బిందె పెడితే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. కోడలు సదువుకుంటాంది, అత్త ఎండుతాంది అని ఒకామె నాకు వినపడేట్టే అంది. నోటితో ఒక్క మాట కాదనకుండా, వాడంతటికీ కనపడేట్టు చిక్కిపోయి నా చదువు మాన్పిద్దామని ఆమె ఎత్తు అని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ మాట మా ఆయనతో అనే ధైర్యం లేదు. అంటే, అయితే మానెయ్ అంటాడేమోనని భయం.

పరీక్షలు రేపనగా అత్తమ్మ తమ్ముడు దిగాడు. అచ్చంపేట అవతల పల్లెలో ఉంటాడు. జిల్లా దవాఖానలో కన్ను చూపించుకుని, ఎప్పటిలాగే చెప్పాపెట్టకుండా మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అది మంగళవారం, నెలాఖరు. డబ్బాలో బియ్యం ఆ ఒక్కపూటకు సరిపోతాయి. చుట్టానికి రొట్టె పెట్టలేక అన్నమే వండాను. పొద్దుగూకుతుండగా ఆ మేనమామకూ మా ఆయనకూ వడ్డించాను. మామ ముద్ద కలిపి, అక్కను కూడా కూర్చోమన్నాడు. ఇయ్యాల ఒక్కపొద్దు తమ్మీ అంది ఆమె. మంగళవారం ఏ దేవునికని అడిగాడు. ఆమె నీళ్ల చెంబు ఆయన ముందుకు జరిపింది. ఆయన ఉన్న ఒక్క మంచి కన్నుతో అక్కను పై నుంచి కింది దాకా చూసి కంచం పక్కకు నెట్టాడు.

"అల్లుడా, మా అక్కకు గింత బువ్వ పెడుతలేరా? తోల్క పోతా నేను. మా ఇంట్ల గంజయినా కడుపునిండ తాగుతది."

మా ఆయన ముఖం నల్లబడిపోయింది. ఆయన మామ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "ఇగ సాలు," అన్నాడు. "రేపు పరీక్ష లేదు గిరీక్ష లేదు. మా అమ్మను ఎండబెట్టి సదివే సదువు నాకొద్దు."

ఇంత చేసి, ఇన్ని నెలలు పప్పుగింజ పప్పుగింజ లెక్కపెట్టి, రేపు పరీక్షనగా! అత్తమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. సాధించావు కదా అందామని నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అది నన్ను ఎండబెట్టలే. నేనే ఉన్న. సోమారం లేదు, మంగళారం లేదు, ఏ దేవునికీ కాదు. అది సదివి పంతులమ్మయితే ఈ ఇంటికి నెలనెలా జీతమొస్తది. దానికి నేనేమియ్యాలె? నా కాడ నగలున్నయా, భూమున్నదా? నా కాడున్నది నా పూట కూడే. అదే ఇచ్చిన."

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"దాని సదువు బందు వెట్టు కొడకా. రేపటికెల్లి నా మధ్యాహ్నం బువ్వ కూడ బందు వెడ్త."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు అంతకు మించిన కోపమూ వచ్చింది. ఎవరిమ్మన్నారు? నేనడిగానా? నా తెలివి అనుకుని నేను మురిసిపోయిన పొదుపులో ఈమె ఆకలి ఎంతుందో ఎట్లా తీసి చూడను? ఇసుక తపేలాలు, నాలుగు సంచులు, అంగడి కుప్పలు, వీటితోనే నెల గట్టెక్కుతోందని నమ్మాను. నాలుగో సంచి అన్నాళ్లూ ఎందుకు నిలిచిందో నేనొక్కసారి కూడా అనుమానపడలేదు.

కంచం తెచ్చి ఆమె ముందు పెట్టాను. గిన్నెలో మిగిలిన అన్నమంతా వడ్డించి పప్పు పోశాను. "దేవునికి కాదన్నరు గద, పాపం లేదు, తినుండ్రి," అన్నాను. "మీరు తినకుంటే రేపు పరీక్షకు నేనే పోను. ఎవ్వరూ బందు వెట్టే పనిలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఉత్తమాట కాదని తెలిసినట్టుంది. చెయ్యి కడుక్కుని కూర్చుంది. మొదటి ముద్ద మెల్లగా తింది, తర్వాత గబగబా తినసాగింది. మనిషి ఆకలితో తినటం నేను చాలాసార్లు చూశాను కానీ, నా ఇంట్లో, నా చేతి వంట అట్లా తినటం చూడటం అదే మొదలు. నాకు తల కొట్టేసినట్టయింది. కంచం ఖాళీ చేసి, ఇంకింత పెట్టమన్నట్టు ముందుకు జరిపింది. గిన్నె అడుగున మెతుకు లేదు. డబ్బాలో గింజ లేదు.

మా ఆయన ముందుకు పోయి చెయ్యి చాపాను. షరతు నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుంది.

"బియ్యం లేవు. తెండి," అన్నాను.

ఆయన నా చేతిని చూశాడు. అంతసేపు చూస్తాడనుకోలేదు. తర్వాత లేచి, చెయ్యి కడిగి, చొక్కా వేసుకున్నాడు. బియ్యం వచ్చేదాకా అత్తమ్మ ఆగలేదు, పొద్దున మిగిలిన బ్రెడ్డు ముక్కన్నా ఇటియ్యమని నన్నడిగింది. గూట్లోంచి తీసిచ్చాను. ఆయన గడప దాటి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ గుమ్మంలో ఆగాడు. నాతో మాట్లాడటానికి నామోషీ. వాళ్లమ్మతో అన్నాడు, "పొద్దుగాల పరీక్షకు ఎన్ని గంటలకు పోవాల్నో అడుగు దాన్ని."

"నువ్వే అడుగు," అంది అత్తమ్మ. "నేను తింటున్న గద."