వాగుకు వదిలిన చోటు

స్వర్ణలతది జనగామ దగ్గర పల్లె. పెళ్లయి నాచారం వచ్చింది. కూతురు బడికి పోయే వయసు రాగానే ఉప్పల్‌లో ఒక చిన్న సంస్థలో చేరింది. వాగులను, చెరువులను బతికించడం వాళ్ల పని. మొదట్లో సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షకు పంపేది. కొన్నేళ్లకు తమ ఇంటి వెనక పారే వాగు పనులన్నీ ఆమె చేతికే వచ్చాయి.

ఆ వాగు పైకాలనీల నుంచి దిగి కొర్రల కుంటలో కలుస్తుంది. కుంటలో చేపలు పట్టి బతికే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ల సంఘం పెద్ద కొమురెల్లి.

ఒక ఏడు తొలకరికి వాగులో నల్లటి మురుగు ఒక్కసారిగా దిగి, కుంటలో చేపలన్నీ చచ్చి తేలాయి. అదే వానకు స్వర్ణలత వాళ్ల కాలనీ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కాలనీ సంఘానికి అధ్యక్షుడు గంగాధరరావు. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. వాగుకు కాంక్రీటు గోడలు కట్టి పైన మూసేయమని ఆయన అర్జీ పెట్టాడు. అధికారులు సరేనన్నారు.

స్వర్ణలత ఆ అధికారుల ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. మూస్తే మురుగు కనబడదు కానీ పోదని, పెద్ద వానొస్తే ఆ కాలువ పట్టదని చెప్పింది. మురుగు గొట్టాలను శుద్ధి కేంద్రానికి మళ్లించి, వాగును వెడల్పు చేయమంది. అక్కడి ఇంజనీరు ఆమెను రెండుసార్లు బయటే కూర్చోబెట్టాడు. మూడోసారి విని, వెడల్పుకు చోటెక్కడుందని అడిగాడు. వాగు పాత హద్దులు కొలిపించమంది.

కొలిచారు. గంగాధరరావు ప్రహరీ మీద, తీసేయాలని ఎర్ర గుర్తు పడింది. స్వర్ణలత భర్త రమేష్ వెల్డింగ్ షెడ్డు మీదా పడింది. ఆ షెడ్డు చనిపోయిన ఆమె మామ వేసినది. అది వాగు జాగా అని ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

"నువ్వు జెప్తే ఆఫీసోళ్లు ఇంటరు గదా. ఆ గుర్తు జర అటు జరపమనరాదు?" అన్నాడు రమేష్.

"మనది ఉంచుకొని పక్కోళ్లది తియ్యమని ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

రమేష్ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాట మార్చలేదు. సెలవు దొరికినప్పుడల్లా అతని పనికి వేరే చోటు వెతికింది. చివరికి మల్లాపూర్ వైపు ఒక సందులో షట్టరు దొరికింది. రోడ్డు మీది గిరాకీ అక్కడ ఉండదని ఇద్దరికీ తెలుసు. ఒక ఆదివారం రమేష్ తనే షెడ్డు రేకులు విప్పాడు. ఆమె ఒక్కొక్కటీ మోసి ఆటో ట్రాలీలో పెట్టింది. మామ గుర్తొచ్చి ఏడుపొచ్చింది కానీ పని ఆపలేదు.

ఆ సంగతి కాలనీలో పాకింది. రెండు రోజులకు గంగాధరరావు ఆ ఖాళీ చోటికి వచ్చి నిలబడ్డాడు.

"మా గోడ తీస్తే ఇంట్లోకి నీళ్లు రావని మాటిస్తావామ్మా?" అని అడిగాడు.

"ఇయ్యలేను సార్. మస్తు పెద్ద వానైతే వస్తయ్. గోడ ఉంటే ఇంకా ఎక్కువొస్తయ్."

ఆయన వాగు పక్కనే ఉన్న కాలనీ బడి వైపు చెయ్యి చూపించాడు. బడి ముందు మాత్రం వాగు మూయించమని, పిల్లలు పడిపోతారని అన్నాడు. స్వర్ణలతకు అది ఇష్టం లేదు. అయినా ఆ ముక్క వదులుకుంది. మిగతాదంతా తెరిచే ఉండాలని పట్టుబట్టింది. గోడ వెనక్కి జరపడానికి గంగాధరరావు సంతకం చేశాడు. ఆయన్ను చూసి కొందరు జరిపారు. ఇద్దరు కోర్టుకెక్కారు, ఆ కేసులు ఇంకా నడుస్తున్నాయి.

పాత ప్లాను పక్కకుపోయింది. బడి ముందు తప్ప వాగంతా రాతి కట్టలతో తెరిచే ఉంచారు. చాలా గొట్టాలను మళ్లించారు. ఆ మరుసటి వానాకాలం నీళ్లు గంగాధరరావు వాకిట్లోకి వచ్చాయి, ఇంట్లోకి రాలేదు. రమేష్ గిరాకీ మాత్రం మునుపటంత లేదు. తలుపులు, గ్రిల్సు చేసిపెట్టి ఇళ్లకే తీసుకెళ్లి బిగించి వస్తున్నాడు.

కుంటలో మళ్లీ వదిలిన కొర్రమీను చేపపిల్లలు బతికాయి. ఆ మాట చెప్పడానికి కొమురెల్లి స్వయంగా ఉప్పల్ ఆఫీసుకు వచ్చాడు.

"ఈసారి నీళ్లు వాసనొస్తలేవు బిడ్డా," అన్నాడు.

స్వర్ణలత ఆయనకు చాయ్ తెప్పించింది. ఎగువన ఇంకా రెండు గొట్టాలు వాగులోనే పడుతున్నాయని, వాటి సంగతి తేల్చుకోవడానికి ఇంజనీరు దగ్గరికి పోతున్నానని చెప్పింది. తనూ వస్తానన్నాడు కొమురెల్లి. చాయ్ తాగి ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు.