రావద్దన్న పిల్ల

మా భీమిలి బడికి ఏడాదిగా ఒక కోచ్ వస్తుండేది, టీచర్లకి పాఠం చెప్పే తీరు నేర్పడానికి. నాకంటే పదేళ్లు చిన్నది. వెనక బల్ల మీద కూర్చుని నా పాఠం వినేది, ఎక్కడ తడబడ్డానో తర్వాత నవ్వుతూనే చెప్పేది. ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే, ఒప్పుకోడానికి సిగ్గేమీ లేదు. ఏడాది చివర పిల్లల చదువు చూడ్డానికి ఒకాయన వస్తాడని, బాగోకపోతే కోచ్‌లను తీసేస్తారని విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు.

ఆ భయంలో వెధవ పని చేశాను. మూడో తరగతిలో చదవడం రాని పిల్ల ఒకర్తి ఉండేది, సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్ల. ముందురోజు పక్కకి పిలిచి, రేపు ఇంటి దగ్గరే ఉండమ్మా అన్నాను.

ఆయన వచ్చి జాబితా తీశాడు. ఏడాది మొదట్లో చీట్లు తీసి ఎంచిన పిల్లలట, మళ్లీ వాళ్లనే చదివించాలట. సరిగ్గా ఆ పిల్ల పేరు దగ్గర ఆగాడు. రాలేదన్నాను. అయితే ఇంటికే వెళ్దాం మేడమ్, రానివాళ్లను వదిలేస్తే లెక్క తప్పుతుంది అన్నాడు.

ఒడ్డున ఉన్న వాళ్లింటికి నడిచాం. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత, సరే, మధ్యలో ఆ కోచ్ ఏం పాపం చేసింది? పిల్ల వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"మేడమ్, నాను రాలేదు. మీరే రావద్దన్నారు గదా."

ఆయన నావైపు చూశాడు. అబద్ధం నాలిక చివరే ఉంది గానీ, ఆ పిల్ల ముందు ఆడలేకపోయాను.

"నేనే వద్దన్నాను. చదవడం రాదని."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, పిల్ల చేతికి మాటలూ ఒక వాక్యమూ రాసున్న కార్డు ఇచ్చాడు. పిల్ల వేలు పెట్టి, కూడబలుక్కుంటూ నాలుగు మాటలు చదివింది. వాక్యం దగ్గర ఆగిపోయింది. అయిపోయింది, కోచ్‌ని పంపించేస్తారనుకున్నాను.

ఆయన ఏడాది మొదట్లో రాసిన కాగితం తీసి చూపించాడు. అప్పుడు ఆ పిల్లకి ఒక్క అక్షరం కూడా రాదు. ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా వచ్చారన్నదే తాము చూస్తామన్నాడు. కోచ్ పడ్డ కష్టానికి సాక్ష్యం ఆ పిల్లే. దాన్నే దాచేశాను.

నా నిర్వాకం గురించి ఏం రాశాడో అడిగే ధైర్యం నాకు లేదు. పిల్ల కార్డు తిరిగిచ్చేసి, నా మొహం చూడకుండా అడిగింది.

"రేపు రావొచ్చా మేడమ్?"