సొంతింటికి వచ్చిన అంబులెన్స్

“ఊళ్ళో ఎవరు మూలిగినా పరిగెత్తుతావు, నాన్న ఆయాసపడుతుంటే అరగలేదేమో అంటావా?”

స్ట్రెచర్ లాక్కొస్తున్న అంబులెన్స్ డ్రైవర్‌కి ఆ ఇంటి ఆడపిల్ల అన్న మీద అరుస్తున్న అరుపు గుమ్మంలోనే వినిపించింది. తిట్లు తింటున్నవాడు అంబులెన్స్ స్వచ్ఛంద జట్టులో కొత్తగా చేరిన ఊరి దర్జీ. బండి ఆగకముందే దూకి లోపలికొచ్చాడు.

“పొద్దున బాగానే ఉన్నాడే! ఇంతలో ఏమైందో నాకేం తెలుసు?”

దర్జీ చేతిలో ఆక్సిజన్ మాస్కు ఉంది. నిన్న ఎవరికో కళ్ళు మూసుకుని తొడిగాడు. ఇవాళ పట్టీ ఎటు తిప్పాలో తోచడం లేదు.

సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదని జట్టు నియమం. డ్రైవర్ మాస్కు అందుకుని పెద్దాయనకు బిగించాడు. దర్జీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, స్ట్రెచర్ చివర ఆగి డ్రైవర్‌ని చూశాడు.

“అన్నా, నన్నిక్కడ వదిలెయ్యకు. ఏం పట్టుకోవాలో నువ్వే చెప్పు, అదే పట్టుకుంటా.”